ఆ పెద్ద పెట్టెలు ఉత్త చెక్కలండీ

సంపాదకుల వారికి నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో కెనడా రాక్ గాయకుడు నీల్ యంగ్ జీవిత చరిత్ర గురించి వ్యాసం వేశారు. ఆ తర్వాత రెండు వారాలూ దాని మీద పాఠకుల ఉత్తరాలు వేశారు. అన్నీ చదివాను. నాకూ రెండు మాటలు చెప్పాలనిపించి కూర్చుంటే ఉత్తరం ఇంత పొడుగైంది. కత్తిరిస్తే కత్తిరించండి గానీ, ముందు మీ ఫొటో కింద రాసిన తప్పు మాత్రం సరిదిద్దండి.

ఆ ఫొటోలో ఆయన వెనకాల మనిషికి రెండింతల ఎత్తున పెట్టెలున్నాయి. 'నీల్ యంగ్ వాడే భారీ ఆంప్లిఫైయర్లు' అని మీవాళ్లు రాశారు. అవి ఆంప్లిఫైయర్లు కావు. 1978 టూర్‌తో మొదలుపెట్టిన స్టేజీ సామాను అది, మన నాటకాల్లో అట్టతో చేసిన సింహాసనం లాంటిది. గిటారు సౌండు వచ్చేది 1959 నాటి ఫెండర్ డీలక్స్ అనే చిన్న పెట్టెలోంచి. దాని పవరు ఇరవై వాట్లు కూడా దాటదు. మా వీధిలో వినాయక చవితికి పెట్టే మైకు సెట్టు దానికంటే పదింతలుంటుంది.

ఇంత ఖచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, నా వృత్తి అది. మాది హిందూపురం. 1972లో బెంగళూరు వచ్చి, శివాజీనగర్ సందులో ఒక రేడియో షాపులో పనికి కుదిరి, తర్వాత సొంతంగా చిన్న గది తీసుకుని వాల్వు రేడియోలు, ఆంప్లిఫైయర్లు బాగు చేశాను. వాల్వులంటే ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు బుడ్లు. ట్రాన్సిస్టర్లొచ్చాయి, ఐసీలొచ్చాయి, ఆ తర్వాత బాగు చేయించుకోవడమనే అలవాటే పోయింది. ఇప్పుడు వారానికి రెండు రోజులు షాపు తెరుస్తాను. పాత గిటారు ఆంప్లిఫైయర్లు పట్టుకుని కోరమంగళ నుంచి, ఇందిరానగర్ నుంచి కుర్రాళ్లు వస్తారు. వాళ్లకు వాల్వుల మీద మళ్లీ మోజు పుట్టింది. మా అల్లుడికి మాత్రం ఇది పనిలా కనిపించదు, కాలక్షేపం అంటాడు.

జిమ్మీ మెక్‌డొనో రాసిన ఆ పుస్తకం పేరు 'షేకీ'. నీల్ యంగ్ సినిమాలు తీసినప్పుడు బెర్నార్డ్ షేకీ అని మారుపేరు పెట్టుకునేవాడు, అందులోంచి తీసుకున్నారు. 2002లో వచ్చింది. చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల కొట్లో నాకు దొరికింది. 700 పేజీలు దాటిన పుస్తకం. నా ఇంగ్లీషు షాపుకొచ్చే వాళ్ల దగ్గర నేర్చుకున్నది కాబట్టి చదవడానికి నాలుగు నెలలు పట్టింది. అర్థం కాని మాటలకు మా మనవరాలు ఫోన్లో వెతికి అర్థం చెప్పేది. కొన్ని మాటలకు మాత్రం చెప్పనంది. బూతులన్న మాట.

మీ పాఠకుల ఉత్తరాల్లో తిరుపతి నుంచి రాసిన అమ్మగారిది నాకు బాగా నచ్చింది. ఆవిడకు కోపం వచ్చింది. స్నేహితుడితో కలిసి ఊరూరా కచేరీలు చేస్తూ, మధ్యలో ఒక టెలిగ్రాం కొట్టి వెళ్లిపోయినవాడిని 'రాజీ లేని కళాకారుడు' అని మీరెలా మెచ్చుకుంటారని అడిగారు. అడగాల్సిన మాటే. అది 1976లో స్టీఫెన్ స్టిల్స్‌తో చేసిన టూర్. టెలిగ్రాంలో ఉన్నది కూడా, తోచి మొదలుపెట్టినవి తోచినట్టే ముగుస్తాయి అన్న అర్థం వచ్చే రెండు ముక్కలే. అదే మొదటిసారీ కాదు. 1967లో మాంటెరీ పాటల ఉత్సవం ఇక కొన్ని రోజుల్లో ఉందనగా బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే తన బ్యాండు నుంచి ఇలాగే వెళ్లిపోయాడు. ఆయన లేకుండానే ఆ బృందం వాయించింది, ఆయన బదులు డేవిడ్ క్రాస్బీ స్టేజీ ఎక్కాడు. 1969లో వుడ్‌స్టాక్ అనే పెద్ద పాటల ఉత్సవంలో వాయించాడు కానీ తన మీద కెమెరా తిప్పొద్దన్నాడు.

హైదరాబాద్ నుంచి రాసినాయన దానికి జవాబుగా 'మేధావులకు మామూలు నియమాలు వర్తించవు' అన్నారు. అయ్యా, నేను యాభై ఏళ్లుగా ఆర్కెస్ట్రాలవాళ్లను, నాటకాలవాళ్లను, గుళ్లో హరికథలు చెప్పేవాళ్లను దగ్గర నుంచి చూశాను. ఈ మాట ఎక్కువగా అనేది మేధావి కాదు, ఆయన చుట్టూ తిరిగేవాళ్లు. మొండివాడు రాజు కంటే బలవంతుడు అని మన పెద్దలన్నది పొగడ్తగా కాదు. వాడి జోలికి వెళ్లొద్దని.

నాకు ఈ పుస్తకం ఎందుకు నచ్చిందంటే, ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న పంచాయితీ అందులో లేదు. రాసినాయన వందల మందిని కలిశాడు. డ్రమ్ములవాళ్లు, లారీల్లో సామాను ఎత్తి దించేవాళ్లు, సౌండు చూసేవాళ్లు, పాత స్నేహితులు, పొమ్మనిపించుకున్నవాళ్లు. ఒక మనిషి తన ఇష్టం వచ్చినట్టు బతికితే ఆ కంతులు ఎవరెవరు కట్టారు, ఎన్నేళ్లు కట్టారు అన్న లెక్క ఇది. మధ్యమధ్యలో వేరే అచ్చులో నీల్ యంగ్ సొంత మాటలు వస్తుంటాయి. ఒక పేజీలో ఎవరో తిడతారు, పక్క పేజీలో ఈయన అవునంటాడు, లేదా మాట దాటేస్తాడు. దాటేసినప్పుడు కూడా తెలిసిపోతుంది. మీ వ్యాసంలో ఈ సంగతి ఒక్క వాక్యం కూడా లేదు. పోలియో, టొరంటో, తల్లిదండ్రులు విడిపోవడం, అమ్మతో విన్నిపెగ్ వెళ్లడం, ఇవన్నీ బాగానే రాశారు. అవి ఎక్కడైనా దొరుకుతాయి.

లెక్క అన్నాను కదా, డానీ విట్టెన్ సంగతి చెబుతాను. క్రేజీ హార్స్ అనే బృందంలో గిటారు వాయించి పాడేవాడు. నీల్ యంగ్‌తో సరిసాటిగా నిలబడ్డ మనిషి. మత్తుమందులకు అలవాటు పడ్డాడు. 1972 చివర్లో పెద్ద టూర్‌కు రిహార్సల్స్ జరుగుతుంటే వేళ్లు ఆడడం లేదు, పాట గుర్తుండడం లేదు. అప్పటికి నీల్ యంగ్ ఆల్బమ్ అమెరికాలో ఆ ఏడాదంతటికీ ఎక్కువ అమ్ముడైంది. హాళ్లు నిండిపోతున్నాయి, ఆపడం కుదరదు. డానీ చేతిలో 50 డాలర్లు, విమానం టికెట్టు పెట్టి ఇంటికి పంపేశాడు. ఆ రాత్రే డానీ చనిపోయాడు. నవంబరు 18.

ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేసి రెండు రోజులు ముట్టుకోలేదు. తర్వాత ఏడాది, 1973లో, నీల్ యంగ్ మిగిలినవాళ్లను పోగేసి ఒక ఆల్బమ్ రికార్డు చేశాడు. గొంతు పక్కకు పోయినా, మైకుకు తల తగిలినా అలాగే ఉంచాడు. రెండేళ్లు బయటికి రాలేదు, 1975లో వచ్చింది. ముందటి ఆల్బమ్ లాంటిది ఇంకొకటి చేసి ఉంటే కోట్లు వచ్చేవి. దాన్ని రాజీ లేనితనం అని మీ వ్యాసం అంది. నాకైతే పెద్దకర్మ లాగా వినిపించింది. ఎవరు కొంటారు, ఎవరు కొనరు అని చూసి ఎవరైనా కర్మ చేస్తారా?

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే ఈ ముసలాయనకు నీల్ యంగ్ ఏమిటి అనుకుంటారు.

1979లో కాక్స్ టౌన్ నుంచి ఒక ఆంగ్లో-ఇండియన్ కుర్రాడు రిక్షాలో ఆంప్లిఫైయర్ వేసుకుని వచ్చాడు. ఆ రోజుల్లో బ్రిగేడ్ రోడ్డు చుట్టుపక్కల హోటళ్లలో శనివారాలు బ్యాండ్లు వాయించేవి. నలుగురు కుర్రాళ్ల బ్యాండు, ఇతను లీడ్ గిటారు. ప్లగ్గు దగ్గర వైరు తెగింది, అతికించి ఉంచు బాస్, సాయంత్రం వస్తాను అన్నాడు. నేను వెనక రేకు విప్పి చూశాను. అవుట్‌పుట్ వాల్వు అరిగిపోయి ఉంది. ఫిల్టర్ కండెన్సర్లు ఉబ్బిపోయి గుయ్‌మని హమ్ము వస్తోంది. స్పీకరు కోను అంచున బెత్తెడు చీలిక. పాపం కుర్రాడు, డబ్బుల్లేక చేయించుకోలేదేమో అనుకున్నాను. కొత్త బీఈఎల్ వాల్వు వేశాను, అది మన జాలహళ్లిలోనే తయారయ్యేది. కండెన్సర్లు మార్చాను. కోనుకు పలచటి గుడ్డ ముక్క పెట్టి జిగురు రాశాను. సామాను ఖర్చు తప్ప కూలి కూడా వద్దనుకున్నాను.

సాయంత్రం వచ్చి గిటారు తగిలించి ఒక్కసారి తీగ మీటాడు. గంట కొట్టినట్టు శుభ్రంగా వచ్చింది. నేను మెచ్చుకుంటాడని చూస్తున్నాను. వాడి మొహం తెల్లబడిపోయింది. 'ఎవరు చెయ్యమన్నారు నిన్ను?' అన్నాడు. 'ఆ పాత వాల్వు ఎక్కడ?'

చెత్తబుట్ట బోర్లించి వెతికాం, ఇద్దరం నేల మీద కూర్చుని. మైనం ముక్కలు, సోల్డరు తునకలు, మధ్యాహ్నం తిన్న అరటి తొక్కలు, వాటి మధ్యలో దొరికింది. ఎలాగో పగల్లేదు. మళ్లీ బిగించాను. కోనుకు రాసిన జిగురు కూడా గోటితో పీకేశాడు. అప్పుడు వాయించాడు. చినిగిన గుడ్డను ఇంకా చింపుతున్నట్టు ఒక సౌండు. జాతర్లో హార్న్‌లోకి నీళ్లు పోతే వస్తుందే, అలాంటిది. నాకైతే పళ్లు జివ్వుమన్నాయి. వాడు కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు.

మర్నాడు వచ్చి తిట్టినందుకు సారీ చెప్పి, ఒక క్యాసెట్ ఇచ్చి వెళ్లాడు. అందులో పాడింది నీల్ యంగ్. మొదటిసారి విన్నప్పుడు టేపు సాగిపోయిందేమో అనుకుని హెడ్డు తుడిచాను. నాలుగైదుసార్లు విన్నాక తెలిసింది, ఆ చినుగు పొరపాటు కాదు, దాన్ని ఎక్కడిదాకా చింపాలో ఆ చేతికి తెలుసు. బాగు చేయడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆ కుర్రాడే. అప్పటి నుంచి ఎవరు ఏ పెట్టె తెచ్చినా, ముందు 'ఏం ఉంచమంటావ్?' అని అడుగుతాను. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్.

చాలా ఏళ్ల తర్వాత నీల్ యంగ్ సామాను గురించి తెలుసుకున్నప్పుడు నా చేతులు దురదపెట్టాయి. ఆ చిన్న డీలక్స్ మీద ఒక పరికరం ఉంటుంది, దాన్ని విజ్జర్ అంటారు. ఆంప్లిఫైయర్ మీద నాబులుంటాయి కదా, వాటిని తిప్పడానికి చిన్న మోటార్లు బిగించారు. ఆయన కింద కాలితో ఒక బటన్ నొక్కితే పైన నాబు దానంతటదే గిర్రున తిరిగి పెట్టిన చోటికి వచ్చి ఆగుతుంది. దయ్యం తిప్పినట్టుంటుంది. ఇంత అవస్థ ఎందుకు, మధ్యలో ఒక సర్క్యూట్ పెడితే వాల్యూం ఎక్కువా తక్కువా చేసుకోవచ్చు కదా అని ఏ డిప్లొమా కుర్రాడైనా అడుగుతాడు. కుదరదు. ఆ పాత పెట్టెలో రెండు వాల్యూం నాబులు ఒకదాన్నొకటి లాగుతాయి. ఇది పదిలో ఉండి అది పన్నెండులో ఉంటే ఒక రంగు, రెండూ తగ్గిస్తే ఇంకో రంగు. ఆ రంగు కావాలంటే నాబే తిరగాలి. కాబట్టి లోపలి సర్క్యూట్ ముట్టుకోకుండా పైన వేళ్లు పెట్టించుకున్నాడు. నల్లరంగు పూసిన 1953 నాటి గిటారును ఇంకా వాడుతున్న మనిషి మరి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడిని చాలామందిని చూశాం గానీ, ఆ మూడు కాళ్ల మీదే కుందేలును పరిగెత్తించినవాడు ఇతనే.

రికార్డుల కంపెనీతో తగవు గురించి మదనపల్లె మాస్టారు హాస్యంగా రాశారు. 'నీల్ యంగ్ పాటలు నీల్ యంగ్‌లా లేవని నీల్ యంగ్ మీదే దావా వేశారు' అని. నిజమే, 1983లో గెఫెన్ కంపెనీ 33 లక్షల డాలర్లకు కోర్టుకెక్కింది. తర్వాత వెనక్కి తీసుకుంది, దాని యజమాని డేవిడ్ గెఫెన్ క్షమాపణ కూడా చెప్పాడు. కానీ మాస్టారు నవ్వి వదిలేసిన చోట నాకు నవ్వు రాలేదు. వాళ్లకు నచ్చని వాటిలో ఒక ఆల్బమ్‌లో ఆయన గొంతు మరబొమ్మ మాట్లాడినట్టుంటుంది. వోకోడర్ అనే మిషన్ గుండా పాడాడు. ఆ రోజుల్లో ఆయన చిన్న కొడుకు మస్తిష్క పక్షవాతంతో పుట్టి, మాట రాక, ఇంట్లో ఉన్నాడు. వాడు ఏదో చెప్పాలనుకుంటాడు, వీళ్లకు అర్థం కాదు. వీళ్లు చెప్పేది వాడికి అందుతోందో లేదో తెలీదు. వినేవాళ్లకు మాట అర్థం కాకుండా పాడడం అక్కడి నుంచి వచ్చింది. అప్పట్లో ఆ సంగతి ఆయన బయటపెట్టుకోలేదు. కంపెనీవాళ్లు తిక్క అనుకున్నారు, వినేవాళ్లు ఫ్యాషన్ అనుకున్నారు.

అదే కొడుకు కోసం బొమ్మ రైళ్లకు రిమోట్ తయారు చేయించాడు. చేతులు సరిగా కదలని పిల్లవాడు ఒక పెద్ద బటన్ నొక్కితే రైలు బయల్దేరుతుంది. చివరికి ఆ బొమ్మ రైళ్ల కంపెనీలోనే, లయోనెల్‌లో, భాగస్థుడయ్యాడు. మా వీధిలో ఒక పాపకు నేనూ అలాంటిది ఒకటి చేసిచ్చాను, కాలింగ్ బెల్ స్విచ్చుతో, ఫ్యానుకు. పాప రోజంతా ఫ్యాను ఆపి వేసి ఆడుకుంటుందని వాళ్లమ్మ ఇప్పటికీ నన్ను తిడుతుంది. ఇది అప్రస్తుతం, కొట్టేయాలంటే కొట్టేయండి.

పుస్తకం గురించి ఇంకో తగవు ఉంది. జీవిత చరిత్ర రాయడానికి ఒప్పుకున్నది నీల్ యంగే. గంటల తరబడి మాట్లాడాడు. తీరా పుస్తకం తయారయ్యాక బయటికి రానివ్వలేదు. రాసినాయన 2000లో 18 లక్షల డాలర్లకు దావా వేశాడు. రెండేళ్లకు రాజీ కుదిరి పుస్తకం వచ్చింది. పాటలు ఎలా ఉండాలో కంపెనీ చెప్పకూడదన్న మనిషి, తన గురించి పుస్తకం ఎప్పుడు రావాలో తానే చెబుతానన్నాడు. దీన్ని ఒక పాఠకుడు ద్వంద్వ నీతి అన్నారు. అనొచ్చు. నా మాట కూడా అదే. కానీ మన సంగతి చూసుకోండి. శ్రీశ్రీ, చలం తమ గురించి తాము రాసుకున్నప్పుడు ఏదీ దాచలేదు. ఇంకొకరు రాసేటప్పుడు మాత్రం మన జీవిత చరిత్రలు ఎలా ఉంటాయి? సన్మాన పత్రం సాగదీసినట్టు. ముందు పేజీలో దండ వేసిన ఫొటో, తర్వాత పన్నెండు మంది ముందుమాటలు, నాలుగో అధ్యాయానికే బిరుదులు. ఆయనకు ఆర్మోనియం వాయించినాయన ఏమన్నాడో ఎవరూ అడగరు. అడిగితే కుటుంబ సభ్యులు నొచ్చుకుంటారు.

అలాగని మెక్‌డొనో మీద నాకు ఫిర్యాదు లేదని కాదు. తనకు నచ్చని ఆల్బమ్ వచ్చినప్పుడల్లా మనకెందుకు నచ్చకూడదో పేజీలకు పేజీలు చెబుతాడు. ఆఖరికి వచ్చేసరికి నీల్ యంగ్ కంటే ఆయనే ఎక్కువ మాట్లాడుతున్నట్టు అనిపించింది. నీల్ యంగ్‌తో కలిసి పాడిన క్రాస్బీ, నాష్ పేర్లు వస్తే చాలు, ముక్కు చిట్లిస్తాడు. చిన్నప్పటి విన్నిపెగ్ బ్యాండ్ల భాగం నేను గబగబా తిప్పేశాను. అక్కడ ఒక్కటి మాత్రం వదల్లేదు, శవాల బండి. నీల్ యంగ్ కుర్రతనంలో సామాను మోయడానికి కొన్నది శవాలను తీసుకెళ్లే కారు, మన వైకుంఠ రథం. ఎందుకంటే వెనకాల శవపేటిక జరపడానికి రోలర్ల పలక ఉంటుంది, ఆంప్లిఫైయర్లు పెట్టి ఒక్క తోపు తోస్తే జారి బయటికి వస్తాయి. మైకు సెట్టు మోసిన నడుములకు తెలుస్తుంది ఆ తెలివి. 1966లో అలాంటి పాత పాంటియాక్‌లోనే లాస్ ఏంజెలెస్ వెళ్లి, ట్రాఫిక్ జాంలో ఇరుక్కుంటే, కెనడా నంబరు ప్లేటు చూసి స్టిల్స్ గుర్తుపట్టాడు. అలా బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ పుట్టింది. అందరిలాగా మామూలు వ్యాను కొనుక్కుని ఉంటే వాళ్లు చూసేవాళ్లు కాదేమో.

స్పాటిఫై అనే పాటల యాప్ గురించి కూడా ఒకరు ఎత్తిపొడిచారు. 2022 జనవరిలో కరోనా టీకాల మీద అబద్ధాలు చెప్పే కార్యక్రమం ఉందని పాటలు తీసేశాడు, 2024 మార్చిలో తిరిగొచ్చాడు. అదే కార్యక్రమం మిగతా చోట్లకూ వచ్చేసింది, అన్నీ వదిలేస్తే తన పాట వినే దారే ఉండదన్నాడు. రెండేళ్లు ఆ డబ్బు వదులుకున్నాడు కదా. మనలో ఎవరం నచ్చని చానల్‌కు రెండేళ్లు డబ్బు కట్టకుండా ఉన్నాం? ఇంతకంటే దాని మీద చెప్పేదేం లేదు.

మళ్లీ మా కాక్స్ టౌన్ కుర్రాడి దగ్గరికి వస్తాను. వాడు నిజంగానే గొప్పగా వాయించేవాడు. 1981లో ఒక శనివారం హోటల్లో ఎవరిదో పుట్టినరోజు. హిందీ సినిమా పాట ఒకటి వాయించమని చీటీ పంపారు. వాడు చీటీ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, తన పాటే వాయించాడు. మేనేజర్ వచ్చి చెవిలో ఏదో అన్నాడు. వాడు గిటారు వైరు పీకి, చుట్ట చుట్టుకుని, జనం మధ్యలోంచి నడిచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి మేం వాళ్లకు సౌండు చూస్తున్నాం కాబట్టి నా కళ్లారా చూశాను. చప్పట్లు కొట్టాలనిపించింది, అబద్ధం ఎందుకు.

మిగతా ముగ్గురూ స్టేజీ మీద నిలబడిపోయారు. డ్రమ్ములవాడు గిటారు లేకుండానే ఇంకో రెండు నిమిషాలు తాళం వాయించాడు, ఎలా ఆపాలో తెలియక. హోటలువాళ్లు నెల డబ్బులు మొత్తం పట్టేశారు. ఆ డ్రమ్ముల సెట్టు వాళ్లమ్మ గాజులు కుదువపెట్టి కొన్నది. కుర్రాడు మూడు నెలల్లో ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు, పెర్త్‌కు. వాళ్ల చుట్టాలు అక్కడ చాలామంది. నాకు బాకీ ఉన్న రిపేరు డబ్బులు తర్వాతి ఏడాది నెలకు కొంచెం చొప్పున తెచ్చిచ్చింది డ్రమ్ములవాడు. నీకేం సంబంధం అంటే, బ్యాండు బాకీ కదా అన్నాడు. తర్వాత ఒక ఫ్యాక్టరీలో చేరి, రిటైరయ్యాడు. ఇప్పుడు క్రిస్మస్‌కు చర్చిలో వాయిస్తాడు.

రాజీపడని వాడి గురించి నలభై ఏళ్లుగా నేను చాలామందికి కథగా చెప్పాను, వైరు చుట్టుకుని నడిచి వెళ్లిన తీరు నటించి మరీ. డ్రమ్ములవాడు నెలనెలా తెచ్చిన నోట్ల గురించి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఈ పుస్తకం చదివేదాకా అది కథలో భాగమని నాకే తట్టలేదు.

పోయిన ఆదివారం మీ పేపరు, ఆ పుస్తకం పట్టుకుని లింగరాజపురంలో ఆ డ్రమ్ములవాడి ఇంటికి వెళ్లాను. డానీ విట్టెన్ పేజీ తీసి నేనే చదవబోయాను. నా ఇంగ్లీషు వినలేక పుస్తకం లాక్కుని తనే చదువుకున్నాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. వాళ్లావిడ కాఫీ తెచ్చింది. తర్వాత అడిగాడు, 'మరి వీళ్ల డ్రమ్మరు ఏమయ్యాడు?'

రాల్ఫ్ మొలీనా. 1969 నుంచీ ఆయనే అని చెప్పాను. మధ్యలో ఏళ్ల తరబడి నీల్ యంగ్ పిలవడు, వేరేవాళ్లతో వాయిస్తాడు. వీళ్లు ఇంట్లో కూర్చుంటారు. మళ్లీ ఎప్పుడో ఫోను చేస్తాడు. వీళ్లు వెళ్తారు. మొన్నమొన్నటి దాకా, ఎనభై దగ్గర పడ్డాక కూడా కలిసి వాయించారు.

'మళ్లీ పిలుస్తాడా?' అన్నాడు.

పిలుస్తాడు అన్నాను.

'అయితే పర్లేదు' అన్నాడు. కాఫీ తాగి, 'మనవాడు పెర్త్ నుంచి ఒక్క కార్డు ముక్క రాయలేదు' అన్నాడు. కోపంగా కాదు, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు.

పుస్తకం ఆయన దగ్గరే ఉంచి వచ్చాను. నిన్న రాత్రి ఫోను చేశాడు, వైకుంఠ రథం దాకా వచ్చాడట.

నా పేరు వేయకండి. ఆయన భార్య మన నంద్యాల ఆవిడే, రోజూ మీ పేపరు తెప్పించుకుంటుంది. ఎలాగూ కనిపెడుతుందనుకోండి, కానీ పేరు లేకపోతే నేను కాదని కాసేపు బుకాయించవచ్చు.

ఇట్లు,
ఒక పాత రేడియో మెకానిక్
శివాజీనగర్, బెంగళూరు